పొలం చేసి బతికిన పెద్దామె గురించి మరణ పూజలో చదివే నాలుగు మాటలు ఎలా రాయాలి

మా కతోలిక విచారణలో, అంటే మా గుడి పరిధిలో, పెద్దవాళ్ళెవరు పోయినా ఆ కాగితం రాసే పని నాకే అప్పజెబుతుంటారు. మా నాయనమ్మతో మొదలైంది.

ముందు చోటు సంగతి. మరణ పూజలో ప్రసంగం గురువులది, అంటే ఫాదర్ గారిది. అది పోయినవారిని పొగిడే ఉపన్యాసం కాకూడదని పూజాగ్రంథ నియమాల్లోనే ఉంది. ఇంటివాళ్ళు మాట్లాడేది సత్ప్రసాదం (పూజలో అందరూ స్వీకరించే పవిత్ర అప్పం) తర్వాతి ప్రార్థన అయ్యాక, తుది వీడ్కోలుకు ముందు. ఫాదర్ గారిని ముందుగానే అడగండి. ఒక్కరే చదవాలి, ఒక్క పేజీ చాలు.

తేదీల దగ్గర ఇంట్లో తలో మాట చెబుతారు. ఆమె జ్ఞానస్నానం పొందిన గుడి రిజిస్టర్ చూపించమనండి. తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల (జ్ఞానస్నానానికి సాక్షులుగా నిలబడినవారి) పేర్లు అందులో ఉంటాయి. భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే తైలాభిషేకం), పెళ్ళి వివరాలు కూడా అదే పద్దు పక్కన ఎక్కిస్తారు.

ఇక అసలు పని. "కష్టజీవి, భక్తిపరురాలు" అని రాస్తే అది ఏ పెద్దామెకైనా సరిపోతుంది. ఆమె ఏ వేళకు లేచేది? విత్తనం ఎక్కడ దాచేది? పంట పోయిన ఏడు ఏం అమ్మింది? పొలం నుంచి వస్తూ ఎవరింటి ముందు ఆగేది? మా నాయనమ్మ జపమాలలో సిలువ దగ్గర తీగ తెగిపోతే గోతాలు కుట్టే పురికొసతో ముడివేసుకుంది. ఆ ముడి మట్టితో, పాలతో నల్లబడిపోయింది. పాలు పితికేటప్పుడు దాన్ని మెడలో వేసుకుని మంగళవార్తలు (మరియమ్మ జపాలు) పైకే చెప్పేది, మధ్యలో దూడను అదిలిస్తూ. నేను రాసిన పేజీలో ఊరంతా గుర్తుపెట్టుకున్నది ఆ ముడినే.

పాత పూజ గురించి కూడా అడగండి. ఇప్పుడు ఎనభై దాటినవాళ్ళు చిన్నప్పుడు విన్నది లాటిన్ పూజ. 1962–65 వాటికన్ మహాసభ తర్వాతే అది సొంత భాషలోకి వచ్చింది. ఆ మార్పు ఆమెకు నచ్చిందా? 2002లో రెండవ జాన్‌పాల్ పోపుగారు జపమాలలో ధ్యానించే క్రీస్తు, మరియమ్మల జీవిత ఘట్టాలకు వెలుగు దేవరహస్యాలు అనే ఐదింటిని చేర్చాక అవి నేర్చుకుందా, పాత పదిహేనుతోనే ఉండిపోయిందా? ఇలాంటి జవాబుల్లో మనిషి కనబడుతుంది.

ఆమె ఇంకా మంచంలో ఉంటే అన్నీ ఇప్పుడే అడగండి. ఫాదర్ గారిని కూడా ఇప్పుడే పిలవండి, చివరి గడియ దాకా ఆగకండి. 1972 నాటి సవరణ ప్రకారం వయసు మీదపడి బాగా నీరసించినవారికి కూడా వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వొచ్చు. జబ్బు తిరగబెడితే మళ్ళీ ఇవ్వొచ్చు. నుదుటి మీద, చేతులకు తైలం రాస్తారు. జీవితమంతా మట్టిలో పనిచేసిన ఆ చేతులను తెలివుండగా తనే చాచనివ్వండి. దగ్గరుండి చూడండి, రాయాల్సింది అక్కడ దొరుకుతుంది.

మరణం గురించి రెండు వాక్యాలు చాలు: పక్కన ఎవరున్నారు, ఏ జపం చెబుతున్నారు. జబ్బు వివరాలు, ఆస్పత్రి గొడవలు వద్దు. "నేరుగా మోక్షానికి వెళ్ళింది" అని మీరే తీర్పు చెప్పకండి. అందరూ గుడికి వచ్చింది ఆమె ఆత్మ కోసం వేడుకోవడానికే కదా. చివరి వాక్యంలో అదే అడగండి, చనిపోయినవారందరి స్మరణ దినమైన నవంబరు 2న ఆమె పేర పూజ ఎన్ని గంటలకో కూడా చెప్పండి.