సొంతంగా కట్టుకునే చిన్న విమానంలో ఇంధన వాల్వుకూ యాంటెన్నాలకూ చోటు చూడడం

అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ వర్గం (ఇంట్లో కట్టినవాటి వంటి, కర్మాగారపు ప్రామాణిక ధ్రువీకరణ లేని విమానాల వర్గం) కింద సొంతంగా విమానం కట్టుకునేవారు రెక్కల గురించీ ఇంజన్ గురించీ ఏళ్ల తరబడి ఆలోచిస్తారు గానీ, ఇంధనాన్ని ఆపే వాల్వు ఎక్కడ ఉండాలి, రేడియో యాంటెన్నా ఎక్కడ నిలవాలి అన్న ప్రశ్నలను చాలాసార్లు మిగిలిన ఖాళీని బట్టి తేల్చేస్తుంటారు. ఈ రెండు నిర్ణయాలూ పైరేకు మూయకముందే జరగాలి; తర్వాత మార్చాలంటే రివెట్లు ఊడదీయక తప్పదు.

వాల్వు చోటును గొట్టాల దారిని బట్టి కాక పైలట్ చేతిని బట్టి నిర్ణయించాలి. 1997 అక్టోబరు 12న గాయకుడు జాన్ డెన్వర్ నడుపుతున్న లాంగ్-ఈజెడ్ విమానం కాలిఫోర్నియా తీరంలో, మాంటెరే సమీపాన సముద్రంలో కూలింది. ఆ విమాన రూపకర్త బర్ట్ రూటన్ నమూనా ప్రకారం పైలట్ కాళ్ల మధ్య ఉండవలసిన ట్యాంకు సెలెక్టరును, అంటే ఇంధనం ఏ ట్యాంకు నుంచి రావాలో ఎంచే వాల్వును, కట్టిన వ్యక్తి ఎడమ భుజం వెనక్కి మార్చాడు. హ్యాండిల్ తిప్పడం కష్టంగా ఉండేది. ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో చెప్పే గుర్తులూ లేవు. దాన్ని అందుకోవడానికి వెనక్కి మళ్లినప్పుడు పైలట్ తెలియకుండానే కుడి రడ్డర్ పెడల్‌ను (తోక చుక్కానిని కదిపే పెడల్‌ను) తొక్కి అదుపు కోల్పోయాడని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఇంధనం నింపుకోకుండా బయలుదేరడం, ఆ రకం విమానంపై అనుభవం చాలకపోవడం కూడా కారణాలలో చేరాయి. అయినా, చెయ్యి సులభంగా అందే చోట వాల్వు ఉండి ఉంటే మిగిలిన లోపాలు ప్రాణం మీదికి వచ్చేవి కావేమోనని నా అభిప్రాయం.

కాబట్టి సీటును తాత్కాలికంగా అమర్చి, భుజం పట్టీలతో సహా బెల్టులన్నీ బిగించుకుని, అట్టతో చేసిన హ్యాండిల్‌ను అనుకున్న చోట అతికించి, కళ్లు మూసుకుని అందుకోండి. పాదాలు పెడళ్ల మీదే ఉంచి, అవి కదులుతున్నాయేమో పక్కనున్నవారిని గమనించమనండి. పాదం కదిలితే ఆ చోటు పనికిరాదు. హ్యాండిల్ కొన ఎంచుకున్న ట్యాంకు వైపే చూపాలి. ఒక ట్యాంకు నుంచి మరోదానికి మారేటప్పుడు ఆఫ్ స్థానాన్ని దాటవలసి రాకూడదు. ఆఫ్ చేయాలంటే పైకి లాగడమో మీట నొక్కడమో వంటి వేరే పని చేయవలసి ఉండాలి. వాల్వు ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌ను మిగతా విమానం నుంచి వేరుచేసే, మంటను ఆపే గోడకు) ఇంజన్ వైపు ఉండకూడదు, ఎందుకంటే మంటలో చిక్కుకున్న వాల్వు మంటను ఆపలేదు. ఇవి ధ్రువీకృత చిన్న విమానాల కోసం రాసిన అమెరికా పార్ట్ 23 నియమాల పాత (2017కు ముందటి) పాఠం నుంచి వచ్చినవి. సొంతంగా కట్టినవాటికి తప్పనిసరి కాకపోయినా, వీటిని పక్కనబెట్టడానికి మంచి కారణం నాకెక్కడా కనిపించలేదు.

రెక్క పైనున్న విమానంలో ఇంధనం తన బరువుతోనే దిగుతుంది కనుక రెండు ట్యాంకులనూ కలిపే స్థానం పెట్టుకోవచ్చు. రెక్క కిందనున్నదానిలో పంపు ఇంధనాన్ని పైకి లాగాలి. అక్కడ రెండూ తెరిచి ఉంచితే, రెండు స్ట్రాలలో ఒకటి కొబ్బరిబోండం బయట ఉన్నట్టు, ఖాళీ అయిన ట్యాంకు నుంచి గాలే వస్తుంది. అందుకే వాటిలో ఎడమ, కుడి, ఆఫ్ స్థానాలు మాత్రమే ఉంచుతారు.

బిగించాక, ముక్కును అత్యధిక ఆరోహణ కోణానికి ఎత్తి, ఇంజన్‌కు చేరే గొట్టం చివర ప్రవాహాన్ని కొలవాలి: టేకాఫ్ వినియోగానికి పంపు ఉన్నచోట 125 శాతం, బరువుతో దిగేచోట 150 శాతం రావాలి. గంటకు 27 లీటర్లు తాగే రోటాక్స్ 912 యూఎల్‌ఎస్‌కు పంపుతో దాదాపు 34 లీటర్లన్నమాట.

ఇక యాంటెన్నాలు. విమానాల మాట రేడియో 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, నిలువు ధ్రువణంతో పనిచేస్తుంది కనుక యాంటెన్నా వీలైనంత నిలువుగా ఉండాలి. దాని పొడవు తరంగంలో పావు వంతు, అంటే అరవై సెంటీమీటర్లకు కాస్త తక్కువ. దాని పాదం చుట్టూ అంతే వ్యాసార్ధంలో లోహపు రేకు ఉండాలి. అల్యూమినియం విమానంలో ఇది దేహమే ఇస్తుంది, పొట్ట కింద చక్రాల కాళ్లకు దూరంగా బిగిస్తే సరిపోతుంది. ఫైబర్‌గ్లాస్ రేడియో తరంగాలను పోనిస్తుంది కనుక, రాగి పట్టీలతో చేసిన డైపోల్‌ను (రెండు చేతుల యాంటెన్నాను) నిలువు తోక లోపలే దాచవచ్చు. కార్బన్ ఫైబర్ విద్యుత్తును ప్రసరింపజేసి తరంగాలను అడ్డుకుంటుంది. దాని లోపల యాంటెన్నా పెట్టడం వృథా.

లోపల దాచిన యాంటెన్నాకు ఇంధన గొట్టాలూ కంట్రోలు తీగలూ సమాంతరంగా నడవకూడదు. కేబుల్ డైపోల్ నుంచి లంబంగా బయటికి రావాలి. ట్యాంకులోని కెపాసిటివ్ కొలత సెన్సారు తీగను యాంటెన్నా కేబుల్ పక్కనే కట్టేస్తే, మాట్లాడినప్పుడల్లా ఇంధన సూచిక ఎగిరిపడే అవకాశం ఉంటుంది. రాడార్‌కు విమానం జవాబిచ్చే పరికరమైన ట్రాన్స్‌పాండర్ యాంటెన్నా ఏడు సెంటీమీటర్లలోపే ఉంటుంది. పొట్ట కింద పెడితే, ఎగ్జాస్ట్ మసి, నూనె పడే దారిలోకి రాకుండా చూసుకోండి.

జీపీఎస్ యాంటెన్నాకు ఆకాశం కనిపించాలి, మాట రేడియో యాంటెన్నాకు దూరంగానూ ఉండాలి. ఉపగ్రహ సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్‌లో వస్తుంది; మాట రేడియో వాడే 121.175 మెగాహెర్ట్జ్‌కు పదమూడో హార్మోనిక్ (పదమూడు రెట్ల పౌనఃపున్యం), 131.275కు పన్నెండో హార్మోనిక్ దాదాపు అక్కడికే చేరుతాయి. అందుచేత నేల మీదే, ఈ రెండు మాట రేడియో పౌనఃపున్యాలు ఎవరికీ అడ్డు కావని నిర్ధారించుకుని, ఒక్కోదానిలో కొద్ది సెకన్లు ప్రసారం చేస్తూ జీపీఎస్ తెర చూడండి. ఉపగ్రహాలు ఒక్కసారిగా మాయమైతే యాంటెన్నాల మధ్య దూరం పెంచాలి, లేదా మాట రేడియో కేబుల్‌లో 1575.42 మెగాహెర్ట్జ్‌ను ఆపే ఫిల్టర్ పెట్టాలి.