సండే స్కూల్ క్రాఫ్ట్ చెడిపోతోందా? లోపం ఎక్కడుందో చూద్దాం

మే నెల వచ్చిందంటే మా చర్చిలో వి.బి.ఎస్. హడావుడి, అంటే పిల్లల వేసవి సెలవుల బైబిలు బడి. పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే పిల్లల్ని ఇళ్ళకి పంపెయ్యాలి. పాటలు, కథ, కంఠత వాక్యం ఎలాగో నడిచిపోతాయి. తంటా అంతా క్రాఫ్ట్ దగ్గరే. ఓడ మునుగుతుంది, జిగురు ఆరదు, గింజ మొలవదు, ఎవరో ఒకరు ఏడుస్తారు. ఇన్నేళ్ళ అనుభవంలో నాకు అలవాటైంది ఏమిటంటే, క్రాఫ్ట్ చెడినప్పుడల్లా ఆ కథని ఇంకోసారి చదువుతాను. చాలాసార్లు మందు అందులోనే దొరుకుతుంది. మిగతాదంతా ఎండ, ఫ్యాను, ఫెవికాల్ సంగతి.

సమస్య: నోవహు ఓడ నీళ్ళలో వెయ్యగానే నానిపోతోంది

వద్దన్నా సరే, పిల్లలు ఓడని నీళ్ళలో వేస్తారు. చర్చి వెనక కుళాయి కింద బకెట్ ఉంటే చాలు. చార్టు పేపరు ఓడ రెండు నిమిషాల్లో మెత్తబడి కూలబడుతుంది. పిల్లవాడు మన మొహం చూస్తాడు. జలప్రళయంలో దేవుడు కాపాడిన ఓడ మునిగిపోయిందేంటి అని.

ఆదికాండం ఆరో అధ్యాయం తియ్యండి. ఓడకి లోపలా బయటా కీలు పూయమని దేవుడు నోవహుకి చెబుతాడు. కీలు అంటే తారులాంటిది. మనకి కొవ్వొత్తి సరిపోతుంది. అట్టని మడతపెట్టకముందే రెండు వైపులా కొవ్వొత్తితో గట్టిగా రుద్దించండి. చేతులు నొప్పి పుడుతున్నాయని పిల్లలు గోల పెడతారు, పెట్టనివ్వండి. నోవహు ఎంత కష్టపడ్డాడో చెప్పడానికి అదే సమయం. అతికించే అంచులకి మాత్రం మైనం తగలకూడదు, జిగురు పట్టదు. అతికించి ఆరాక, మూలల్లో టీచరే కొవ్వొత్తి వెలిగించి నాలుగు చుక్కలు వెయ్యాలి. అగ్గిపెట్టె పిల్లల చేతికి ఇవ్వొద్దు.

కొలత కూడా అక్కడే ఉంది: పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. మూరకి ఒక మిల్లీమీటరు వేసుకుంటే 30 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, 3 ఎత్తు. అంటే సరిగ్గా పిల్లల స్కేలంత ఓడ! ఈ సంగతి చెప్పగానే ఆరో తరగతి మగపిల్లలు కూడా దగ్గరికి జరుగుతారు. ఓడ మునగట్లేదు కానీ పక్కకి ఒరిగిపోతోందంటే, ఏనుగునీ జిరాఫీనీ పైకప్పు మీద నిలబెట్టారన్నమాట. వాటిని తీసేసి అడుగున నాలుగు చిన్న రాళ్ళు పరవండి.

సమస్య: విత్తువాని ఉపమానానికి వేసిన ఆవాలు మొలవలేదు, లేదా మొలవకూడని చోట మొలిచాయి

యేసు చెప్పిన ఈ కథలో గింజలు నాలుగు రకాల నేల మీద పడతాయి, మంచి నేలలో పడ్డవే పంటకొస్తాయి. అందుకని నాలుగు పేపర్ గ్లాసులు: దారి పక్క నేల, రాతినేల, ముళ్ళపొదలు, మంచి నేల. తలా గ్లాసులో చిటికెడు ఆవాలు. ఇంతకన్నా చవకైన క్రాఫ్ట్ లేదు. ఇంతగా ఏడిపించేదీ లేదు.

అసలు ఏదీ మొలవకపోతే మూడు చోట్ల చూడండి. గ్లాసు అడుగున కన్నం లేకపోతే నీళ్ళు నిలిచి గింజ కుళ్ళుతుంది. పిల్లలు గింజని వేలితో అడుగుదాకా నొక్కేస్తారు. ఆవగింజకి అర సెంటీమీటరు లోతు చాలు. మూడోది, గ్లాసుల్ని రేకుల షెడ్డు కింద పెట్టడం. మే నెలలో అక్కడ మనుషులే నిలబడలేరు. పాత ఆవాలు కూడా మొండికేస్తాయి. అందుకే వారం ముందు ఇంట్లో తడిగుడ్డలో పది గింజలు చుట్టి చూడండి. ఏడెనిమిది పగిలితే ఆ పొట్లం తెచ్చుకోవచ్చు.

ఇక రెండో రకం చిక్కు. ఓ ఏడాది మూడో రోజు పొద్దున గ్లాసుల దగ్గరికి వెళ్ళేసరికి ఒక పిల్లాడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "అక్కా, నీ కథ తప్పు. రాళ్ళ గ్లాసే ఫస్టొచ్చింది" అన్నాడు. నిజమే. కంకర మీద పల్చగా మట్టి చల్లిన గ్లాసులో పచ్చగా మొలకలు. మంచి నేల గ్లాసులో అప్పుడప్పుడే ఒకటీ అరా తల ఎత్తుతున్నాయి. నాకు టెన్షన్ పట్టుకుంది. ఎవరూ చూడకుండా ఆ మొలకలు పీకేద్దామా అని కూడా అనుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నా.

తర్వాత మత్తయి పదమూడో అధ్యాయం తీసి వాడిచేతే చదివించాను. రాతినేలలో మన్ను లోతు లేదు కాబట్టి వెంటనే మొలిచాయనే అక్కడ ఉంది, ఎండెక్కాక వేరు లేక ఎండిపోయాయని కూడా. ఇన్నేళ్ళూ నేను ఆ ముక్క మింగేసి "రాళ్ళ మీద పడ్డవి మొలవలేదు" అని చెప్పేస్తున్నాను. తప్పు గ్లాసుది కాదు, నాది. ఆ రోజు నాలుగు గ్లాసులూ పిట్టగోడ మీద ఎండలో పెట్టాం, నీళ్ళు పొయ్యలేదు. మర్నాడు పదకొండింటికి రాళ్ళ గ్లాసులో మొలకలన్నీ వాలిపోయాయి. వాడు ఊరుకోలేక తన వాటర్ బాటిల్ వంచి నీళ్ళు పోశాడు. లేవలేదు. ఒకదాన్ని పీకి నాకు చూపించాడు. వేరు గోరంత కూడా లేదు. ఆ పూట నేను ప్రసంగం చెయ్యలేదు, అవసరం పడలేదు.

కాబట్టి నీళ్ళు ఆపే రోజు ముందే అనుకుని పెట్టుకోండి. ముళ్ళపొదల గ్లాసుకి మాత్రం వి.బి.ఎస్. రోజులు చాలవు. మూడు వారాల ముందే గరిక వేరుతో సహా పాతి, దాని మధ్య ఆవాలు చల్లి టీచరే ఒక గ్లాసు తయారుగా ఉంచుకోవాలి. దారి పక్క నేలకి మట్టిని బొటనవేలితో గట్టిగా అదిమి గింజలు పైనే వదిలెయ్యండి. పిట్టలు రాకపోతే వాటి పని చీమలు కానిచ్చేస్తాయి.

సమస్య: జక్కయ్య చెట్టెక్కడం లేదు

యేసుని చూడ్డానికి చెట్టెక్కిన పొట్టివాడు జక్కయ్య. అతని అట్ట బొమ్మ వెనక రెండు స్ట్రా ముక్కలు అతికించి, దారం దూర్చి, పైన మేకుకి తగిలించి కింద రెండు కొసలూ ఒకటి మార్చి ఒకటి లాగితే బొమ్మ పైకి పాకాలి. పాకకుండా అక్కడే ఊగుతోందంటే స్ట్రాలు నిటారుగా అతికించారు. గుడిసె కప్పులా, పైన దగ్గరగా కింద ఎడంగా ఉండాలి. నైలాన్ దారమైతే జారిపోతుంది. పురికొస వాడండి.

ఇంకో తప్పు బొమ్మలో ఉంటుంది. మా పిల్లలు చెట్టు గియ్యమంటే కొబ్బరి చెట్టే గీస్తారు. పొట్టివాడు కొబ్బరి చెట్టెలా ఎక్కుతాడు? లూకా రాసింది మేడిచెట్టు. కిందనుంచే కొమ్మలు చాపుకునే రకం. ఊళ్ళో మేడిచెట్టు ఉంటే ఆ రోజు క్లాసు దాని కిందే పెట్టండి. అసలు క్రాఫ్టే అక్కర్లేదు.

సమస్య: రంగుల పుస్తకం చేశాక పిల్లలు ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు

అక్షరాలు లేని రంగుల పుస్తకం మన సండే స్కూళ్ళలో దాదాపు అందరం చేయించిందే. 1866లో లండన్‌లో స్పర్జన్ అనే బాప్టిస్టు బోధకుడు ఒక ప్రసంగంలో నలుపు, ఎరుపు, తెలుపు మూడు పేజీలతో చెప్పిన పాఠం అది. బంగారు రంగు, ఆకుపచ్చ తర్వాత చేరాయి. నలుపు అంటే పాపం అని మనం గబగబా చెప్పి పేజీ తిప్పేస్తాం. ఒకసారి నేను పేజీ తిప్పాక వెనక వరసలో ఒక అమ్మాయి తన చెయ్యి లంగా కింద దాచుకోవడం చూశాను. పక్కపిల్ల ఆ నల్ల కాగితాన్ని దాని చెయ్యి పక్కన పెట్టి పోలుస్తోంది.

కారణం ఇంకేం వెతకాలి? ఆ తర్వాత నల్ల కాగితం కొనడం మానేశాను. మొదటి పేజీకి తెల్లకాగితమే ఇస్తాను. దాన్ని నలిపి, మట్టి చేత్తో ముట్టుకుని, సిరా మరక చెయ్యమంటాను. పిల్లలకి అది మహా సరదా. "ఇప్పుడు దీన్ని మళ్ళీ ముందులా చెయ్యండి" అంటే ఎరేజరుతో రుద్దుతారు, ఉమ్మితో తుడుస్తారు, చిరుగుతుంది. మనవల్ల కాదన్న మాట వాళ్ళ నోటినుంచే వస్తుంది. యేసు రక్తానికి గుర్తైన ఎరుపు పేజీ అప్పుడు తియ్యండి.

సమస్య: పది ఆజ్ఞల పలకలు పగులుతున్నాయి

రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, సుమారు ఒక గ్లాసు నీళ్ళు కలిపిన ముద్దతో పలకలు బాగానే వస్తాయి. చేసిన వెంటనే ఎండలో పెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి బీటలు వేస్తుంది. మొదటి రోజు నీడలో తిప్పుతూ ఆరబెట్టి, రెండో రోజు ఎండకి పెట్టండి. వానాకాలంలో, సముద్రం దగ్గరి ఊళ్ళలో, ఉప్పు తేమ పీల్చుకుని పలక మళ్ళీ మెత్తబడుతుంది. వార్నిష్ పూస్తే కొంత ఆగుతుంది. నన్నడిగితే చెరువు బంకమట్టిలో కాస్త ఇసుక కలుపుకోవడం మేలు. డబ్బు ఖర్చు లేదు, ఎలుకలూ తినవు.

అయినా ఎవరిదో ఒకరిది విరుగుతుంది. వాళ్ళకి నిర్గమకాండం చెప్పండి. మోషే మొదటి పలకలు పగలగొట్టాక, అలాంటివే ఇంకో రెండు చెక్కమని దేవుడే చెప్పాడు. అందుకే నాలుగు పలకలకి సరిపడా మట్టి ఎప్పుడూ ఎక్కువ కలుపుతాను.

చిన్నచిన్న చిక్కులు

జిగురు ఆరడం లేదంటే ఎక్కువ పోశారు. అందులోని నీరు పోతేనే అది పట్టుకుంటుంది. డబ్బా పిల్లలకి ఇవ్వకుండా మూతల్లో పోసి చీపురు పుల్లతో రాయించండి. థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంటే ఘాటు వాసన వచ్చే జిగురు వాడారన్నమాట. దానికి తెల్ల జిగురే.

ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం కొబ్బరాకు సిలువలు మధ్యాహ్నానికే విడిపోతుంటే ఆకు ముందురోజు కోసి వదిలేశారు. తడిగుడ్డలో చుట్టి ఉంచండి. మడతలకి లేత ఆకు బాగుంటుంది.

నలభై మందికి ఆరు కత్తెరలుంటే ఆ రోజు గొడవే. కత్తిరించే క్రాఫ్ట్ మానేసి చేత్తో చింపేది పెట్టండి. అక్కల వెంట వచ్చే రెండు మూడేళ్ళ పిల్లల దగ్గర పూసలు, గుండీలు ఉంచొద్దు, నోట్లో పెట్టుకుంటారు.

సమస్య: చేసిన వస్తువు చర్చి మెట్ల మీదే వదిలేసి పోతున్నారు

దీనికి రెండు కారణాలు చూశాను. ఒకటి, అది వాళ్ళు చేసింది కాదు. టీచరు కత్తిరించి, టీచరు అతికించి, పిల్లవాడిచేత పేరు మాత్రం రాయించిన వస్తువు. ముచ్చటైన శాంపిల్ ముందే చూపిస్తే ఇదే జరుగుతుంది. వాళ్ళది అలా రాదు, మనం చెయ్యి పెడతాం. శాంపిల్ ఇంట్లో దాచేసి, వాళ్ళతో పాటే కూర్చుని వంకరగా చెయ్యండి. బెస్ట్ క్రాఫ్ట్ ప్రైజు కూడా తీసేశాను. ప్రైజు పెట్టిన ఏడాది సగం బొమ్మలు అమ్మలు చేసినవే వచ్చాయి.

రెండోది, మా వీధిలో అన్ని ఇళ్ళ పిల్లలూ వి.బి.ఎస్.కి వస్తారు. సిలువ బొమ్మ పట్టుకెళ్తే ఇంట్లో నానమ్మ ఏమంటుందో అని కొందరికి భయం. వాళ్ళని అందరిముందూ అడగకూడదు. రెండు రకాలు బల్ల మీద పెట్టి, నచ్చింది తీసుకోమంటాను. ఆవాల గ్లాసుకి ఎవరింట్లోనూ అభ్యంతరం రాలేదు. ఒక నానమ్మ అయితే ఆకులు కాస్త పెరిగాక కోసి పప్పులో వేసిందట. ఇంకో గ్లాసు కావాలని మనవడిని మళ్ళీ పంపింది.