పూలు చూడ్డానికే కదా అని చెప్పులేసుకుని బయల్దేరకండి

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, కాలిఫోర్నియాలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, ఈసారి ఎడారిలో పూలు పూస్తాయా పూయవా అని. ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చి ఉంటారు, పిల్లలకి సెలవులిస్తారు, ఓ వ్యాను అద్దెకి తీసుకుని లాస్ ఏంజెలిస్‌లో 14వ నంబరు హైవే ఎక్కితే యాంటిలోప్ వ్యాలీలో నారింజ రంగు పాపీ పూలు, 395వ నంబరు హైవే మీద లోన్ పైన్ అనే ఊరు, అక్కణ్ణుంచి డెత్ వ్యాలీ నేషనల్ పార్కు. దారంతా సినిమా లొకేషన్లే. వాస్కెజ్ రాక్స్‌లో స్టార్ ట్రెక్ తీశారు, రెడ్ రాక్ కాన్యన్‌లో జురాసిక్ పార్క్ మొదట్లో ఎముకలు తవ్వే సీను తీశారు. మంచి రూటే, మేం మూడుసార్లు వెళ్లాం. మూడింట్లో రెండుసార్లు తిప్పలు పడ్డాం కాబట్టి రాస్తున్నా.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోండి. పూలు విరగబూసిన ఏడాదంటే వానలు గట్టిగా పడ్డ ఏడాది, అంటే రోడ్లు పాడైన ఏడాది కూడా అదే కావచ్చు. డెత్ వ్యాలీలో సంవత్సరం మొత్తం మీద పడేది సుమారు 2 అంగుళాల వాన. విత్తనం మీదున్న పొరని కడిగేంత వాన పడితే తప్ప అది మొలకెత్తదు. 2016లో లోయంతా పసుపు ఆరబోసినట్టు పూసింది చూశారా, దానికి ముందు 2015 అక్టోబరులో వచ్చిన వరదకి స్కాటీస్ కాజిల్ అనే పాతకాలపు భవంతి వైపు రోడ్డు కొట్టుకుపోయింది. అందుకని పూల ఫోటోలు చూసి మురిసిపోయి బయల్దేరకుండా, ముందు రోజు రాత్రి పార్కు వెబ్‌సైటులో ఏ రోడ్లు మూసేశారో చూసుకోండి. ఫోనులో మ్యాప్ చూపించింది కదా అని మట్టిరోడ్డులోకి దిగొద్దు. అక్కడి రేంజర్లు దీనికి 'డెత్ బై జీపీఎస్' అని, అంటే జీపీఎస్ నమ్ముకుని ప్రాణం పోగొట్టుకోవడం అని, పేరే పెట్టుకున్నారు. లోయలో చాలాచోట్ల సిగ్నల్ రాదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కాగితం మ్యాపు కూడా ఒకటి పెట్టుకోండి.

ఎండకి భయపడతాం గానీ, ఆ పార్కులో ఎక్కువమంది పోయేది కార్లు బోల్తాపడి. అదీ ఎదురుగా ఇంకో కారు లేకుండానే. రోడ్డు ఖాళీగా ఉంటుంది, స్పీడు తెలియదు, పక్కన పూలు కనిపించగానే "ఆపు, ఆపు" అని వెనక సీట్లోంచి ఒక అరుపు, చక్రం కంకర మీదకి దిగుతుంది, కంగారులో స్టీరింగు ఒక్కసారిగా తిప్పేస్తాం. అంతే. తారు దిగితే యాక్సిలరేటర్ వదిలేసి మెల్లగా రోడ్డెక్కండి. బండి ఆపాలంటే పార్కింగు ఉన్నచోటే ఆపండి, ఎండుగడ్డి మీద అసలే వద్దు, కింద సైలెన్సర్ వేడికే అంటుకుంటుంది. టౌన్ పాస్ అనే కనుమ దగ్గర దాదాపు 1,500 మీటర్ల ఎత్తునుంచి సముద్రమట్టం దాకా దిగుతారు, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకుండా లో గేరులో దిగండి. పెట్రోలు లోన్ పైన్‌లోనే ఫుల్ ట్యాంకు కొట్టించండి. పార్కు లోపల దొరుకుతుంది గానీ ధర చూస్తే కడుపు మండుతుంది.

నీళ్లు మనిషికి రోజుకి 4 లీటర్లు. ఇక్కడ అసలు సమస్య మోసుకెళ్లడం కాదు, తాగించడం. మా అత్తగారు దారిలో బాత్రూం ఎక్కడుంటుందో ఏమోనని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు, మధ్యాహ్నం కళ్లు తిరిగి కూలబడ్డాకే ఆ సంగతి బయటపడింది. బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లకి ఇది మరీ ప్రమాదం. కాబట్టి బాత్రూములు ఎక్కడెక్కడున్నాయో బయల్దేరేముందే వాళ్లకి వివరంగా చెప్పండి. ఇన్సులిన్ కారులో వదలొద్దు. మజ్జిగ సీసాలు, ఉప్పగా చక్రాలో చెగోడీలో పెట్టుకుంటే మంచిది.

ఇక చెప్పుల సంగతి. చోయా అని ఒక జెముడు జాతి ఉంది, దూరానికి మెత్తగా వెండి రంగులో ముద్దొస్తుంది. మా చెల్లెలి కొడుకు చెప్పు అంచుకి దాని ముక్కొకటి అతుక్కుంది, వాడు చేత్తో లాగాడు, అది చెప్పుని వదిలి అరచేతికి పట్టుకుంది. మన తుమ్మముల్లులా దిగినదారినే రాదు, గాలంలాగా వెనక్కి కొక్కేలుంటాయి. చేత్తో లాగకండి, దువ్వెన ముల్లుకీ చర్మానికీ మధ్య పెట్టి ఒక్క ఊపున బయటికి విసరాలి, మిగిలినవి పట్టకారుతో. ఆ రోజు మా దగ్గర దువ్వెన ఉంది గానీ సూట్‌కేసు అడుగున ఉంది. బూట్లు వేసుకోండి. పాపీల దగ్గర గిలకపాములు తిరుగుతాయి, ఫోటో కోసం పూలమధ్య పడుకోవడాలు వద్దు, దారి దిగితే పూలు కూడా నలిగిపోతాయి. ఒకవేళ కాటేస్తే 911కి ఫోను, ఉంగరాలు గాజులు తీసేయడం, కదలకుండా ఉంచడం. గుడ్డ బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు.

లోన్ పైన్ పక్కన బండరాళ్ల గుట్టలున్న అలబామా హిల్స్‌లో మూవీ రోడ్డు కొంతదూరం పోయాక మట్టిరోడ్డే. అద్దెకారు కాగితాల్లో మట్టిరోడ్డుకి ఇన్సూరెన్సు వర్తిస్తుందో లేదో చదువుకోండి. ఐరన్ మ్యాన్‌లో అఫ్ఘనిస్తాన్ అని చూపించింది ఇక్కడే, 1939లో వచ్చిన హాలీవుడ్ సినిమా గంగాదిన్‌లో మన వాయవ్య సరిహద్దు కొండలూ ఇవే. "ఇండియానుంచి ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చి ఇండియా సెట్టింగు చూస్తున్నామా" అన్నారు మా మావగారు. ఆ బండలు ఎక్కడం తేలిక, దిగేటప్పుడు రాతి మీద ఇసుక రవ్వలకి కాలు జారుతుంది. పిల్లల్ని ఓ కంట కనిపెట్టండి. డెత్ వ్యాలీలో స్టార్ వార్స్ తీసిన మెస్కీట్ ఇసుక దిబ్బలకి పొద్దున్నే వెళ్లండి, డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, పార్కులో నిషేధం.

చీకటి పడ్డాక వెనక్కి డ్రైవ్ చేసే ప్లాను మాత్రం పెట్టుకోవద్దు. పూల సీజన్లో లోన్ పైన్‌లో గదులు త్వరగా అయిపోతాయి, ముందే బుక్ చేసుకోండి, దొరక్కపోతే రిడ్జ్‌క్రెస్ట్‌లో చూడండి.