మనవాణ్ణి రిమాండ్‌కి పంపారా? ములాఖత్‌కి వెళ్లేముందు ఇవి చూసుకోండి

రిమాండ్ అని తెలియగానే చాలామంది కారు మాట్లాడుకుని రాజమండ్రి పరిగెడతారు. ఆగండి. రిమాండ్ అంటే రాజమండ్రి సెంట్రల్ జైలే అని లేదు. నరసాపురం, భీమవరం, తణుకు లాంటి చోట్ల సబ్‌జైళ్లున్నాయి, ఏలూరులో జిల్లా జైలుంది, ఆడవాళ్లకి రాజమండ్రిలోనే విడిగా మహిళా జైలుంది. ఎక్కడికి పంపారో కోర్టు ఇచ్చిన వారెంట్‌లో ఉంటుంది. లాయర్ని అడిగి జైలు పేరు, పోలీస్ స్టేషన్, క్రైమ్ నంబరు, కోర్టు, తర్వాతి వాయిదా తేదీ ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి, ఎక్కడికెళ్లినా ముందు అవే అడుగుతారు. లాయర్ని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్న మనిషికి ఉచిత న్యాయ సహాయం చట్టం ఇచ్చిన హక్కు, ఎవరో దయతలచి ఇచ్చేది కాదు.

లోపల మొదటిరోజు ఏం చేస్తారో తెలిస్తే ఇంట్లోవాళ్లకి సగం టెన్షన్ తగ్గుతుంది. గేటు దగ్గర వారెంట్‌లో ఉన్న పేరూ వచ్చిన మనిషీ ఒకటేనా అని చూస్తారు. తండ్రి పేరు, ఊరు, పుట్టుమచ్చలు రాసుకుని, ఫొటో, వేలిముద్రలు తీసుకుని కంప్యూటర్‌లో ఎక్కించి ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు మీరూ తెలుసుకోవాలి, ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలే. తర్వాత ఒళ్లంతా తనిఖీ, ఆడవాళ్లని ఆడ సిబ్బందే తనిఖీ చేయాలి. ఒంటిమీదున్న డబ్బు, వస్తువులు రాసుకుని జైలర్ దగ్గర ఉంచుతారు, అందుకే మెడలో గొలుసు, చేతి ఉంగరం కోర్టు దగ్గరే తీయించి ఇంటికి తెచ్చుకోవడం మంచిది.

ఆ తర్వాత డాక్టర్ చూస్తాడు. ఇది జాగ్రత్తగా వినండి. షుగర్, బీపీ, ఫిట్స్, గుండె మందులు ఏవైనా వాడుతుంటే ఆ చీటీ జిరాక్సు మొదటి రోజే జైలు డాక్టరుకి చేరేలా చూడండి. మాత్రలు మనం నేరుగా మనిషి చేతికివ్వడం కుదరదు, డాక్టరు చూసి ఒప్పుకోవాలి. ఒంటిమీద దెబ్బలుంటే అక్కడ రాయించుకోవాలి, అంతకంటే ముందు మేజిస్ట్రేట్ ఎదుటే నోరు తెరిచి చెప్పాలి. చాలామంది భయపడి చెప్పరు, తర్వాత ఎంత మొత్తుకున్నా అప్పుడెందుకు చెప్పలేదంటారు. కొత్తగా వచ్చినవాళ్లని కొన్నాళ్లు విడిగా ఉంచి ఆ తర్వాత బ్యారక్‌కి మారుస్తారు. రిమాండ్ ఖైదీలు సొంత బట్టలే వేసుకోవచ్చు, సినిమాల్లో చూపించే తెల్లబట్టలు శిక్ష పడ్డవాళ్లకి. రిమాండువాళ్లని శిక్ష పడ్డవాళ్లతో కలపకూడదని 1894 నాటి జైళ్ల చట్టంలోనే ఉంది.

ఇక ములాఖత్. 2023 సెప్టెంబరులో చంద్రబాబుని రాజమండ్రి జైల్లో పెట్టాక ఈ మాట తెలియని ఇల్లు లేదు గానీ, పద్ధతి మాత్రం చాలామందికి తెలియదు. వెళ్లే ప్రతి మనిషికీ ఒరిజినల్ ఆధార్, దాని జిరాక్సు ఉండాలి. ఖైదీకి మీరేమవుతారో రాయాలి. ఒక్కసారికి కొద్దిమందినే పంపుతారు కాబట్టి బంధువులందరూ ట్రాక్స్ ఎక్కి వచ్చేస్తే సగంమంది గేటు బయటే నిలబడతారు. రిమాండ్‌లో ఉన్నవాళ్లకీ శిక్ష పడ్డవాళ్లకీ వారానికి ఇచ్చే ములాఖత్‌లు ఒకేలా ఉండవు, సెలవురోజుల సంగతీ ఉంటుంది, ముందే ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. అమలాపురం వైపు నుంచి రావులపాలెం మీదుగా బస్సు, భీమవరం వైపువాళ్లకి నిడదవోలు మీదుగా రైలు ఉంది, ఏదైనా పొద్దున్నే పట్టుకోండి.

ఫోన్లు లోపలికి రానివ్వరు. మధ్యలో అడ్డు ఉంటుంది, పక్కన వార్డర్ ఉంటాడు, అందుకే కేసు లోతులు అక్కడ మాట్లాడొద్దు, అవి లాయర్‌తో విడిగా మాట్లాడుకోవాలి. ఉన్న కాస్త టైములో ఏడుస్తూ కూర్చోకుండా ఒంట్లో ఎలా ఉందో, ఎవరితోనైనా ఇబ్బందుందో, ఏ సంతకాలు కావాలో అడగండి. అనుమతి లేకుండా ఇంటి భోజనం పంపడం కుదరదు, పులస పులుసైనా గేటు దగ్గరే ఆగిపోతుంది. దానికి బదులు ఖైదీ పేరు మీద కొంచెం డబ్బు జమచేస్తే క్యాంటీన్లో కొనుక్కుంటాడు. నిషేధించిన వస్తువు ఏదైనా దాచి ఇచ్చారో, జైళ్ల చట్టం 42వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు. గంజాయి అయితే అది వేరే పెద్ద కేసు.

గేటు బయట టీకొట్టు దగ్గర “లోపల మనవాళ్లున్నారు, వెంటనే పంపిస్తా” అనేవాడు తగిలితే పక్కకి తప్పుకోండి. ములాఖత్‌కి ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు.

కోనసీమలో భార్యో తల్లో కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న ఇళ్లు బోలెడు. వాళ్లు నేషనల్ ప్రిజన్స్ ఇన్ఫర్మేషన్ పోర్టల్‌లో ఈ-ములాఖత్‌కి పెట్టుకోవచ్చు, జైలువాళ్లు ఒప్పుకుంటే వీడియోలో మాట్లాడొచ్చు. అరెస్టయింది తల్లయితే ఆరేళ్లలోపు పిల్లల్ని తనతో ఉంచుకోవచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది, అది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పార్టీగా ఉన్న కేసులోనే.

రిమాండ్ ఒక్కసారికి 15 రోజులకు మించదు, పొడిగింపు చాలాసార్లు వీడియోలోనే అయిపోతుంది కాబట్టి వాయిదాకి కోర్టులో కనబడతాడులే అనుకుని వెళ్లకండి. చాలా కేసుల్లో నేరాన్ని బట్టి 60 లేక 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది, ఆ తేదీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని లాయర్‌కి గుర్తుచేయండి. బెయిల్ వచ్చాక కూడా ష్యూరిటీలు పెట్టి, కోర్టు నుంచి విడుదల ఆర్డరు జైలుకి చేరితేనే వదులుతారు, సాయంత్రం ఖైదీల్ని బ్యారక్‌లలో పెట్టి తాళాలేశాక చేరితే మర్నాడే. వేరే స్టేషన్లో ఇంకో కేసుండి పీటీ వారెంట్ (జైల్లో ఉన్న మనిషిని ఆ కేసులో తమ ముందుకి తెమ్మని కోర్టు ఇచ్చే ఆర్డరు) పెండింగ్‌లో ఉంటే విడుదల ఆర్డరున్నా బయటికి పంపరు, కాబట్టి కారు మాట్లాడుకునే ముందు అదొక్కటి లాయర్ని అడగండి.