పేదరికం మీద పనిచేయాలంటే ముందు సరిగ్గా అడగడం నేర్చుకోండి

పేదరికంపై పరిశోధనలోకి వస్తామనే జూనియర్లను నేను ముందు చదవమనేది మన హైదరాబాద్ అధ్యయనమే. 104 బస్తీల్లో సగాన్ని లాటరీ పద్ధతిలో ఎంచి, ముందుగా అక్కడే మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న అప్పులిచ్చే సంస్థ) శాఖలు తెరిచారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2015లో ప్రచురించిన ఫలితం: వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది, ఇంటి మొత్తం ఖర్చు మాత్రం చెప్పుకోదగ్గంతగా మారలేదు. లాటరీ లేకుంటే ఏది అప్పు వల్ల వచ్చిన మార్పో తేల్చడం చాలా కష్టం.

గణాంకాలు విశ్లేషించే సాఫ్ట్‌వేర్‌లు స్టాటా గానీ ఆర్ (R) గానీ నేర్చుకోండి, అది ఎలాగూ వస్తుంది. అసలు కష్టమంతా సర్వేలోనే.

"నెలకు ఎంత సంపాదిస్తారు?" అంటే అడ్డా కూలీకి వెళ్లే ఆమె ఏం చెబుతుంది? "అమ్మా, మొన్న సోమవారం పని దొరికిందా? ఎంతిచ్చారు?" అని అడగండి. తర్వాత మంగళవారం, ఆపైన బుధవారం. పని దొరక్క మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసిన రోజు కూడా తప్పకుండా రాయాలి. నాకు అన్నిటికంటే ముఖ్యమైన గడి అదే. సమ్మతి తీసుకోకుండా ఒక్క ప్రశ్న కూడా వేయొద్దు.

సాధనకు పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన పల్లె అధ్యయనాలు చూడండి. అప్పటి పాలమూరు జిల్లాలోని ఔరేపల్లి అందులో ఉంది. ఆ తర్వాత రీసెర్చ్ అసోసియేట్ ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టండి.