యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లో కూత వస్తోందా? నాయిస్ ఫిల్టర్ కొనకముందు ఇవి చూడండి

కారు స్టార్ట్ చేయగానే స్పీకర్లలో సన్నగా కూయ్‌మని మొదలై, యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ పైకి పోయి, కాలు తీయగానే మళ్ళీ కిందికి దిగుతోందంటే కంగారు పడకండి, స్పీకర్లు పోలేదు, యాంప్ (స్పీకర్లకి శబ్దం పెంచి పంపే యాంప్లిఫయర్ డబ్బా) కూడా బాగానే ఉండి ఉంటుంది. ఎక్కువసార్లు తప్పు నెగటివ్ వైరుని కారు బాడీకి కలిపే చోటిది, అంటే ఎర్త్‌దే. నాకు ఇదే వచ్చినప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో చూపిస్తే "ఫిల్టర్ వేస్తే పోద్ది సార్" అన్నాడు, సరే అని వేయించా, కూత సగం తగ్గింది, దాంతో పాటు బేస్ కూడా తగ్గింది. తర్వాత ఒక ఆదివారం కూర్చుని డిక్కీ మ్యాట్ లేపి చూస్తే యాంప్ ఎర్త్ వైరు పెయింట్ మీదే బోల్టు వేసి బిగించేశారు. ఒక ముక్క ఎమరీ పేపర్‌తో అయిపోయే పని.

అసలు ఈ కూత ఎక్కడిదంటే, మనం డైనమో అంటామే, ఆల్టర్నేటర్, అది పుట్టించేది ఏసీ కరెంటు, లోపలున్న డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి, కానీ పూర్తిగా నున్నగా రాదు, పైన చిన్న చిన్న అలలు మిగిలిపోతాయి. మామూలు కారు డైనమో ఒక చుట్టు తిరిగితే 36 అలలు దాకా వస్తాయి, ఇంజిన్ ఐడిల్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే డైనమో దానికి రెండున్నర మూడు రెట్లు తిరుగుతుంది, లెక్కేస్తే సెకనుకి 1200 అలలు పైనే. మన చెవికి బాగా గుచ్చుకునే రేంజ్ అది, అందుకే కొంచెం లీకైనా అంత చిరాగ్గా ఉంటుంది. ఇక స్టీరియోకి డాష్‌బోర్డు దగ్గర ఒక ఎర్త్, యాంప్‌కి డిక్కీలో ఇంకో ఎర్త్, రెండిటినీ కలుపుతూ ఆర్సీఏ వైరు (స్టీరియో నుంచి యాంప్‌కి పాట మోసే వైరు) మీద చుట్టిన లోహపు జాలీ. ఈ రెండు ఎర్త్‌ల మధ్య కాస్త వోల్టేజీ తేడా ఉన్నా ఆ కరెంటు ఆర్సీఏ జాలీలోంచి పోతుంది, పాటతో పాటు డైనమో కూడా పాడుతుంది. గ్రౌండ్ లూప్ అనేది దీన్నే.

ముందు ఏమీ విప్పకుండా చెవితో వినండి. బండి బయట గాలాడే చోట న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేసి చూడండి, షెడ్డు తలుపులు వేసుకుని ఇంజిన్ మాత్రం నడపొద్దు. రేస్ ఇస్తే పెరిగే కూత అయితే డైనమో దారి. టిక్ టిక్ టిక్ అని రేస్‌తో పాటు వేగం పెరిగితే అది ఇగ్నిషన్, స్పార్క్ ప్లగ్గులూ వాటి వైర్లూ చూపించండి (డీజిల్ బండ్లకి ఈ గొడవ లేదు). కీ ఆన్ చేయగానే రెండు మూడు సెకన్లు గుయ్‌మని ఆగిపోతే పెట్రోల్ పంపు. ఇంజిన్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ సన్నటి హిస్ వస్తుంటే యాంప్ మీద గెయిన్ (వచ్చే సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) మరీ ఎక్కువ తిప్పేసి ఉంటారు, అది వేరే కథ.

ఇప్పుడు వాల్యూమ్ సున్నా చేయండి. కూత కూడా పోయిందా, అయితే అది వాల్యూమ్ కంటే ముందే దూరుతోంది, అంటే ఫోను, ఆక్స్ వైరు (ఫోనుని స్టీరియోకి కలిపేది), రేడియో ఏంటెన్నా వైపు. ఎఫ్ఎమ్‌లో మాత్రమే వస్తే ఏంటెన్నా అడుగున ఉండే ఎర్త్ చూడండి. ఆక్స్‌లో మాత్రమే వస్తే ఫోన్ చార్జర్ పీకేయండి, చాలామందికి కథ ఇక్కడే ముగుస్తుంది, ఎందుకంటే చార్జర్ నుంచి ఒక ఎర్త్, ఆక్స్ నుంచి ఇంకో ఎర్త్, ఫోనే మధ్యలో లూప్ అయిపోతుంది. బ్లూటూత్‌కి మారిపోవచ్చు, లేదా ఆక్స్ మధ్యలో చిన్న ఐసోలేటర్ (పాటని పోనిచ్చి ఎర్త్ లింకు తెంచేది) పెట్టుకోవచ్చు, ఇక్కడైతే అది ఫర్వాలేదు.

వాల్యూమ్ సున్నాలో కూడా కూత అంతే ఉందంటే తర్వాత దారిలో వస్తోంది, ఇక డిక్కీ తెరవాలి. యాంప్ ఆఫ్ చేసి (ఇది మర్చిపోవద్దు, ఎందుకో కింద చెప్తా) ఆర్సీఏ రెండూ పీకి మళ్ళీ ఆన్ చేయండి. ఖాళీ సాకెట్లు కూడా ఒక్కోసారి గాలిలో గోలని పట్టుకుంటాయి కాబట్టి పాత ఆర్సీఏ పిన్ను ఒకటి తీసుకుని మధ్య సూదినీ బయటి చుట్టునీ సోల్డర్ చేసి కలిపేసి దాన్ని గుచ్చి వినండి. ఇంకా కూత వస్తుంటే తప్పు యాంప్ దగ్గరే: దాని ఎర్త్, పవర్ వైరు, లేదా ఎక్కడో నలిగి బాడీకి తగులుతున్న స్పీకర్ వైరు. యాంప్ డబ్బా స్క్రూలతో నేరుగా బాడీకి తగిలి ఉన్నా ఒక్కోసారి వస్తుంది, చెక్క ముక్క మీద బిగిస్తే తేలిపోతుంది. నిశ్శబ్దంగా ఉంటే చార్జర్ పెట్టని ఫోనుని నేరుగా యాంప్‌కి కలిపి వాల్యూమ్ బాగా తగ్గించి పాట పెట్టండి. శుభ్రంగా వస్తే యాంప్‌ని వదిలేయండి, ఆర్సీఏ వైరో స్టీరియోనో.

ఆర్సీఏ వైరుని తేల్చడానికి కార్పెట్ పీకక్కర్లేదు, వేరే వైరు ఒకటి సీట్ల మీదుగా వేలాడదీసి కలపండి. కూత పోతే పాత వైరు పవర్ వైరు పక్కనే పడుకుని ఉందన్నమాట, లేదా అదే చెడిపోయింది. పవర్ వైరు ఒక వైపు కారు తలుపు గుమ్మం కింద నుంచి, ఆర్సీఏ ఇంకో వైపు నుంచి లాగాలి, ఎక్కడైనా దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి, కలిపి కట్టేయకూడదు. కొత్త వైరుకి కూడా కూత ఉందంటే అప్పుడు స్టీరియోని బయటికి లాగి ఒక వైరు ముక్కతో దాని ఆర్సీఏ బయటి చుట్టునీ స్టీరియో ఇనుప డబ్బానీ ముట్టించి చూడండి, కూత టక్కున ఆగిపోతే లోపల ఆర్సీఏ గ్రౌండ్ తెగిపోయినట్టు. కొన్ని స్టీరియోల్లో అక్కడ సన్నటి ఫ్యూజు ఉంటుంది, పవర్ ఉండగానే ఆర్సీఏ పీకి గుచ్చితే అది కాలిపోతుంది. యాంప్ ఆఫ్ చేయమన్నది ఇందుకే.

ఇక ఎర్త్ సంగతి, అసలు పని ఇదే. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. చోటు గట్టి మెటల్ అయ్యుండాలి, సీట్ బెల్ట్ బోల్టు మాత్రం ముట్టుకోవద్దు, కొత్తగా బెజ్జం వేస్తుంటే కింద పెట్రోల్ ట్యాంకు ఉందేమో వంగి చూడండి, నిజంగా చూడండి. రూపాయి బిళ్ళంత మేర పెయింట్ గీకి మెటల్ మెరిసేదాకా రుద్ది, వైరు చివర రింగు నొక్కి బిగించి (క్రింప్ చేసి), పళ్ళున్న వాషర్ వేసి బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి, లేకపోతే మన కోస్తా గాలికి రెండు వానాకాలాల్లో తుప్పే. ఎర్త్ వైరు పవర్ వైరంత లావు ఉండాలి, పొడవు అడుగున్నర దాటకపోతే మంచిది.

బాగా కుదిరిందో లేదో మీటర్‌తో చూస్కోవచ్చు, కానీ ఓమ్స్‌లో పెట్టి చూడకండి, మీటర్ వైర్లకే ఆ మాత్రం రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి ఏమీ తేలదు. డీసీ వోల్ట్స్‌లో పెట్టి, పొడుగాటి వైరుతో నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్రది యాంప్ ఎర్త్ టెర్మినల్‌కి, ఇంజిన్ నడుస్తూ పాట గట్టిగా మోగుతుండగా చూడండి. 0.1 వోల్టు లోపు ఉంటే బాగున్నట్టే, అర వోల్టు చూపిస్తే ఎక్కడో బిగువు లేదు, బానెట్ కింద బ్యాటరీ నుంచి బాడీకి వెళ్ళే పట్టీ కూడా విప్పి గీకి బిగించండి. అన్నీ బాగుండి కూడా కూత ఉంటే డైనమో డయోడ్ పోయిందేమో. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి, ఏసీ రేంజ్‌లో 0.1 దాటకూడదు. మన పసుపు రంగు చవక మీటర్‌తో మాత్రం ఈ ఏసీ కొలత కుదరదు, దాంట్లో ఏసీ 200 నుంచే మొదలు, పైగా బ్యాటరీకి పెడితే 28 అలా ఏదో చూపించి భయపెడుతుంది. మంచి మీటరున్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళండి.

ట్రిమ్ క్లిప్పులు నొక్కేసే ముందు ఒకసారి రాత్రిపూట ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు అన్నీ వేసి రేస్ ఇచ్చి వినండి, పగలు ఖాళీగా ఉన్నప్పుడు ఊరుకున్న కూత లోడు పడ్డాక బయటికి వస్తుంది, మళ్ళీ సీట్లన్నీ పీకడం కంటే అప్పుడే తెలియడం నయం.