నేల తేమ, భూగర్భ జల రీడింగులు మోడల్‌తో కలవడం లేదా? ఎక్కడ వెతకాలి, ఏం సరిచేయాలి

వాన నీరు నేలలో, నదిలో ఎలా కదులుతుందో అంచనా వేసే కంప్యూటర్ మోడల్ ఒక లెక్క చెబుతుంది, నేలలో పాతిన సెన్సార్ ఇంకో లెక్క చెబుతుంది. తేడా కనిపించగానే పారామీటర్లు (మోడల్‌లో మనం సర్దే విలువలు) మార్చడం మొదలుపెట్టొద్దు. తప్పుడు రీడింగుకు సరిపోయేలా మోడల్‌ను సర్దితే, ఆ తప్పు తర్వాత వేసే ప్రతి వరద అంచనాలోకీ, కరువు అంచనాలోకీ పాకుతుంది.

సమస్య: వాన పడగానే తేమ అమాంతం పెరిగి, కాసేపటికే పడిపోతోంది

సెన్సార్ కడ్డీలకూ మట్టికీ మధ్య గాలి సందు ఉందేమో ముందు అనుమానించండి. ఈ సెన్సార్లలో ఎక్కువ భాగం నీటిని నేరుగా కొలవవు, డైఎలక్ట్రిక్ స్థిరాంకాన్ని, అంటే విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకెను, కొలుస్తాయి. అది నీటికి సుమారు 80, ఎండిన మట్టికి 3 నుంచి 5, గాలికి 1. సందులో గాలి ఉన్నంతసేపూ రీడింగ్ తక్కువగా ఉంటుంది. వాన నీరు అందులోకి జారగానే ఒక్కసారిగా ఎగుస్తుంది.

గ్రాఫ్‌లో ఇంకో ఆనవాలు కూడా చూడండి. 10 సెం.మీ. లోతు సెన్సార్ కదలకముందే 50 సెం.మీ. లోతుది స్పందిస్తే, నీరు తవ్విపూడ్చిన గుంట వెంట కిందికి దిగుతుండవచ్చు. అయితే చుట్టుపక్కల సెన్సార్లన్నీ అలాగే చూపిస్తే అది అమరిక లోపం కాకపోవచ్చు. బంకమట్టి పగుళ్లలోంచి నీరు నిజంగానే దిగుతోందేమో. అప్పుడు ఆ ప్రవాహానికి మోడల్‌లోనే చోటు కల్పించాలి.

అమరిక లోపమే అయితే మళ్లీ తవ్వక తప్పదు. కడ్డీలను గుంట పక్క గోడలో, కదలని మట్టిలోకి అడ్డంగా గుచ్చండి. తీసిన మట్టిని పొరల వరుస మారకుండా, ఒక్కో పొరా దిమ్మిస్తూ పూడ్చండి. పాత డేటాను చెరిపేయకండి, అనుమానాస్పదమని గుర్తు పెట్టి ఉంచండి.

సమస్య: తేమ శాతం అసాధ్యమైనంత ఎక్కువ

ఘనపరిమాణ తేమ (మట్టి ఘనపరిమాణంలో నీటి వాటా) మట్టి రంధ్ర శాతాన్ని (అందులో ఖాళీల వాటా) దాటకూడదు. ఎండిన మట్టి సాంద్రత ఘన సెం.మీ.కు 1.4 గ్రాములు అయితే, దాన్ని మట్టి రేణువుల సాంద్రత 2.65తో భాగించి 1 నుంచి తీసేస్తే సుమారు 0.47 వస్తుంది. సెన్సార్ 55 శాతం అంటే కారణం ఉప్పుదనమో, మీ మట్టికి పనికిరాని ఫ్యాక్టరీ క్యాలిబ్రేషనో (సెన్సార్ సంకేతాన్ని తేమగా మార్చే లెక్క). తడిగా ఉన్నప్పుడూ, ఎండినప్పుడూ తెలిసిన ఘనపరిమాణంలో నమూనాలు తీసి, 105 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి తూచండి. వాటితో సొంత క్యాలిబ్రేషన్ వక్రం గీసుకోండి. శ్రమే, కానీ దీనికి సాటి ఇంకొకటి లేదు.

సమస్య: వాన లేకపోయినా బావి నీటిమట్టం ఊగుతోంది

గాలి గొట్టం లేని ప్రెషర్ సెన్సార్ నీటి బరువుతోపాటు వాతావరణ పీడనాన్నీ కొలుస్తుంది. 1 హెక్టోపాస్కల్ అంటే దాదాపు 1 సెం.మీ. నీరు. అంటే పీడనం 20 హెక్టోపాస్కల్ తగ్గితే, నీరు కదలకపోయినా 20 సెం.మీ. తగ్గినట్టు కనిపిస్తుంది. అక్కడే ఒక బారోమీటర్ పెట్టి ఆ విలువను తీసేయండి.

సెన్సార్‌ను పైకి తీసి డేటా తీసుకున్న రోజునే మట్టం మెట్టులా మారితే, కేబుల్ పాత లోతులో కూర్చోలేదన్నమాట. పైకి తీసేముందూ, తిరిగి దించాకా టేపుతో కొలవండి. రంపం పళ్లలా పడిపోయి లేస్తుంటే దగ్గర్లో మోటారు నడుస్తోందేమో చూడండి. నెలల తరబడి కదలకుండా గీతలా ఉంటే బావి గొట్టంలో నీళ్లు పోయండి. మట్టం బావి కట్టిన కొత్తలో కంటే బాగా నెమ్మదిగా దిగితే బావిలోకి నీరు వచ్చే జల్లెడ పూడుకుపోయినట్టే, శుభ్రం చేయాలి.

సమస్య: రీడింగులన్నీ సరైనవే, మోడల్ మాత్రం కలవడం లేదు

మోడల్ చెప్పేది ఒక గడి (అది నేలను విభజించే చదరపు ముక్క) మొత్తం సగటు, మీ సెన్సార్ చూసేది గుప్పెడు మట్టి. అంకెకు అంకె పోల్చకుండా, రెండింటిలోనూ దాని దాని సగటు నుంచి ఎంత తేడా వచ్చిందో పోల్చండి. పొరల లోతులు కూడా కలవాలి. 2015లో ప్రయోగించిన, నేల తేమను కొలిచే స్మాప్ ఉపగ్రహం చూసేది పై 5 సెం.మీ. మట్టినే, దాన్ని వేళ్ల లోతు తేమతో పోల్చకూడదు.

భూగర్భ జలం దగ్గర స్పెసిఫిక్ యీల్డ్‌ను (మట్టం మారినప్పుడు నేల ఘనపరిమాణంలో నిజంగా చేరే లేదా పోయే నీటి వాటా) మరవొద్దు. అది 0.1 అయితే మట్టం 10 సెం.మీ. పెరగడమంటే చేరిన నీరు 10 మి.మీ. మాత్రమే.

నది ప్రవాహం ఒక్కటే సరిపోయిందని మోడల్‌ను నమ్మకండి. ఇంకుడు ఎక్కువ, ఆవిరి తక్కువ అని రెండు తప్పులు కలిసినా ప్రవాహం సరిగ్గానే రావచ్చు. ఒకటి రెండు బావుల రికార్డును మోడల్ క్యాలిబ్రేషన్‌లో (పారామీటర్లు సర్దే పనిలో) వాడకుండా పక్కన పెట్టండి. అక్కడ కూడా మట్టం పెరిగే, తగ్గే వేళలు కలిస్తేనే ఆ పారామీటర్లను ఉంచండి.